రిబ్బను చెప్పునది, అంచు చెప్పునది

పాత ఇనుపపెట్టె అడుగున గుడ్డమూటలో దొరకిన సైనిక పతకమును చేతికి తీసికొన్నవెంటనే దానికొక పేరు పెట్టివేయవలెనను ఆత్రము క్రొత్తగా సేకరణకు పూనుకొన్న ప్రతివానికిని కలుగును. ఆ ఆత్రమును అణచుకొని, బొమ్మను, బొరుసును, అంచును, కొక్కెమును, రిబ్బనును వేరువేరుగ పరిశీలించి, అవి యన్నియు ఒక్కమాట చెప్పునంతవరకు ఓపికపట్టగలుగుట ఈ విద్యలో సగము. ఈ అధ్యాయమున నేను ముఖ్యముగా మన దేశపు సిపాయిలకు లభించిన పతకములను గూర్చియే వ్రాయుచున్నాను, ఏలయనగా తెలుగునాట ఇండ్లలో దొరకునవి అధికముగా అవియే. తాడేపల్లిగూడెమునకు చేరువనున్న మాధవరము, మిలిటరీ మాధవరమని లోకము పిలుచు గ్రామము, రెండు ప్రపంచయుద్ధములకును తన బిడ్డలను పంపినది. అట్టి గ్రామములనుండి వెడలినవారు తెచ్చుకొన్న వెండిబిళ్లలును కంచుబిళ్లలును నేటికిని మునిమనుమల చేతులలో, ఎవరిచ్చినవో ఎందుల కిచ్చినవో తెలియక, నిలిచియున్నవి. వానిని చదువ నేర్చినవాడు ఒక కుటుంబమునకు దాని పూర్వుని తిరిగి పరిచయము చేయగలడు. నేనీ విద్యను ఇంత గౌరవించుటకు కారణ మదియే.

మొదట కంటబడునది రిబ్బను. దాని వెడల్పు సాధారణముగా ఒకటింబావు అంగుళము, అనగా సుమారు 32 మిల్లీమీటర్లు. సైనికుడు నిత్యవిధులలో పతకములను ధరింపడు. వాని రిబ్బను ముక్కలను మాత్రమే ఒక సన్నని పట్టీపై వరుసగా కూర్చి ఎడమ రొమ్మున పెట్టుకొనును. దీనినే రిబ్బన్ బారందురు. ఇందలి రంగులు కేవలము అలంకారార్థము కూర్చినవి కావు. రెండవ ప్రపంచయుద్ధపు 1939–45 స్టార్ రిబ్బనులో సమానములైన మూడు చారలు గలవు: ముదురునీలము నౌకాదళమునకు, ఎరుపు భూసైన్యమునకు, లేతనీలము వైమానికదళమునకు గుర్తులు. ఆఫ్రికా స్టార్ రిబ్బను ఎడారి యిసుక వన్నె గలది. బర్మా స్టార్ నడుమ వెడల్పైన ఎరుపును, దాని కిరువైపుల ముదురునీలమును, ఆ నీలము మధ్య సూర్యుని తలపించు నారింజచారయు గలది. మొదటి ప్రపంచయుద్ధపు విక్టరీ మెడల్ రిబ్బనులో రెండు ఇంద్రధనుస్సులు ఎరుపు వద్ద కలిసికొని ఊదాతో ఇరువైపుల ముగియును. దాని తోడిదైన బ్రిటిష్ వార్ మెడల్ నడుమ నీటియలలవలె మెరయు నారింజపట్టీ, దాని కిటునటు తెలుపు, నలుపు, అంచున నీలము. ఒక నెల దినములు ఈ అయిదారు రిబ్బనులను పగటివెలుతురులో ఎదుట పెట్టుకొని చూచి, పుస్తకము మూసి, రంగుల వరుసను కాగితముపై వ్రాసి సరిచూచుకొనుచుండుడు. కంటికి అలవాటైన పిదప సగము మాసిన ముక్కనైనను గుర్తింపగలరు.

అయినను రిబ్బను నొక్కదానినే నమ్మరాదు. ఒకే రిబ్బను రెండు పతకములకు చెల్లుట కలదు. 1914 స్టార్ అను కంచునక్షత్రము, 1914 ఆగస్టు 5 మొదలు నవంబరు 22 వరకు ఫ్రాన్సు బెల్జియములలో సేవచేసినవారికి ఇచ్చినది; ఆ శరత్కాలమున చలిదుస్తులైనను లేక మార్సేల్సున దిగి కందకములకు నడచిన లాహోర్, మీరట్ డివిజనుల సిపాయిలు దీనికి అర్హులైరి. దాని తరువాత వచ్చిన 1914–15 స్టారునకును అదే ఎరుపు తెలుపు నీలముల రిబ్బను. బారుపై రిబ్బను మాత్రమే యున్నచో రెంటికిని భేదము కనబడదు. శత్రువు ఫిరంగులకు అందునంత దూరమున నిలిచి క్లాస్ప్ అను అడ్డపట్టీని పొందినవాడు మాత్రము 1914 స్టార్ రిబ్బనుపై చిన్న వెండిపువ్వును ధరించును. ఆ పువ్వు ఊడిపోయి రెండు సూదిరంధ్రములు మాత్రమే మిగిలియుండుటయు సంభవము. అట్టిచోట భూతద్దము పనికివచ్చును.

దీనికి విరుద్ధముగా, రంగులు రెండే యుండి వాని స్థానములు తారుమారైనంతమాత్రమున గౌరవము మారిపోవుటయు గలదు. 1837లో ఈస్టిండియా కంపెనీ నెలకొల్పిన ఇండియన్ ఆర్డర్ ఆఫ్ మెరిట్ రిబ్బను నడుమ ముదురునీలము, అంచుల ఎరుపు. 1907లో వచ్చిన ఇండియన్ డిస్టింగ్విష్డ్ సర్వీస్ మెడల్ రిబ్బను నడుమ ఎరుపు, అంచుల నీలము. విక్టోరియా క్రాస్ భారతసైనికులకు 1911 వరకు లభింపకుండెను గనుక అంతవరకు సిపాయి శౌర్యమునకు మొదటిది పరమావధి. ఈ రెంటిని తారుమారుగా చెప్పినచో ఒక కుటుంబమునకు లేని కీర్తి నంటగట్టినట్లో, ఉన్న కీర్తిని తగ్గించినట్లో యగును.

స్వతంత్రభారత శౌర్యపురస్కారముల రిబ్బనులు ఇంతకంటె సుబోధములు. పరమవీరచక్ర రిబ్బను ఒకే ఊదావర్ణము. మహావీరచక్రకు సగము తెలుపు సగము నారింజ. వీరచక్రకు సగము ముదురునీలము సగము నారింజ. అశోకచక్ర ఆకుపచ్చపై ఒక నారింజగీత, కీర్తిచక్ర రెండు గీతలు, శౌర్యచక్ర మూడు గీతలు. గీతలు పెరిగినకొలది శ్రేణి తగ్గునని గుర్తుంచుకొన్నచో ఈ మూటియందు పొరపడుట యుండదు. 1952లో వీనిని అశోకచక్ర మొదటి, రెండవ, మూడవ తరగతులని పిలిచెడివారు, 1967లో నేటి పేర్లు వచ్చినవి. కావున పాత పత్రములలో అశోకచక్ర రెండవ తరగతియని కనబడినచో అది కీర్తిచక్రయే యని యెరుగవలెను. స్విట్జర్లండున జన్మించి భారత సైనికాధికారిని వివాహమాడిన సావిత్రీ ఖానోల్కర్ రూపకల్పన చేసిన పరమవీరచక్రపై ఇంద్రుని వజ్రాయుధము నాలుగు దిక్కుల నిలిచియుండును. దధీచి యెముకలతో చేయబడిన ఆయుధము ఆత్మార్పణమునకు చిహ్నమగుట ఎంతయు ఉచితము. ఇంతవరకు ఇది లభించినది 21 మందికి మాత్రమే. అంగడిలో ఎవరైనను దీనిని మీకు అమ్మజూపినచో, ధర అడుగకయే లేచిరండు.

బారును చదువుటలో వరుస ప్రధానము. ధరించినవాని కుడివైపున, అనగా చూచువాని ఎడమవైపున, అన్నిటికంటె పెద్ద గౌరవము నిలుచును. అచ్చటినుండి క్రమముగా తగ్గుచు భుజమువైపు సాగును. అసమానమైన రంగులు గల రిబ్బనులకు సైతము ముందువెనుకలు గలవు. 1939–45 స్టార్ నందలి ముదురునీలము భుజమునకు దూరముగా నుండవలెను. అది భుజమువైపు తిరిగియున్నచో బారు తరువాతికాలమున ఎవరో కుట్టినదని అనుమానింపవచ్చును, గాని అంతమాత్రమున నిర్ణయింపరాదు, ఎందుకనగా తొందరలో సిపాయియే తలక్రిందుగ కుట్టుకొనుట అరుదు గాదు.

ఈ వరుస కాలముతో మారినదని తెలియుటకు ఫీల్డ్ మార్షల్ మానెక్‌షా బారును జూచుట మేలు. 1942లో బర్మా సిట్టాంగ్ నదీప్రాంతపు పోరాటమున తీవ్రముగా గాయపడి ఆయన సంపాదించినది మిలిటరీ క్రాస్; తెలుపు, ఊదా, తెలుపు చారల ఆ రిబ్బను ప్రాణమునొడ్డి గెలిచిన శౌర్యచిహ్నము. అయినను ఆయన పిమ్మటికాలపు బారులో అది మొదటివరుసలో లేదు. పద్మవిభూషణ్, పద్మభూషణ్, 1947 జనరల్ సర్వీస్ మెడల్, 1971 నాటి పూర్వీ పశ్చిమీ స్టార్లు మొదలుకొని తొమ్మిదేండ్ల దీర్ఘసేవా పతకము వరకు స్వతంత్రభారతపు గౌరవములన్నియు గడచిన పిదప మిలిటరీ క్రాసును, దాని వెనుక 1939–45 స్టార్, బర్మా స్టార్, వార్ మెడల్, ఇండియా సర్వీస్ మెడల్‌లును వచ్చును. ఒక రాజ్యపు గౌరవముల తరువాతనే మరియొక రాజ్యపు గౌరవములు అను నియమమే దీనికి మూలము. ఇట్టి బారు చేజిక్కినచో అది గణతంత్రకాలమున ధరించినదని వెంటనే చెప్పవచ్చును. బ్రిటిష్ స్టార్లు ముందుండి భారతీయ రిబ్బనులే లేని బారు యుద్ధానంతరము త్వరలోనే సైన్యమును వీడినవానిది కావచ్చును.

ఈ సంధికాలమునకు సాక్ష్యముగా నిలిచిన పతకమొకటి నాకు అన్నిటికంటె ప్రియమైనది. 1947 నాటి భారత స్వాతంత్ర్య పతకమున ఒక ప్రక్క అశోకచక్రము, దానిపై బ్రిటిష్ కిరీటము, చుట్టును ఆరవ జార్జి పేరు; మరియొక ప్రక్క సింహస్తంభము, ఆగస్టు 15 తేదీ; రిబ్బను కాషాయము తెలుపు ఆకుపచ్చ. కిరీటమును చక్రమును ఒకే లోహముపై నిలిపిన ఆ చిన్నబిళ్లను చూచిన విద్యార్థికి, అధికారమార్పిడి జరిగిన నాటికిని గణతంత్రము వచ్చిన నాటికిని నడుమ మనదేశము డొమినియనుగా గడపిన రెండున్నర యేండ్లు పాఠ్యపుస్తకము కంటె స్పష్టముగా అర్థమగును.

ఇక అంచు. రిబ్బను యుద్ధమును చెప్పును, అంచు మనుష్యుని చెప్పును. బ్రిటిష్ వార్ మెడల్ నొకదానిని తీసికొందము. వ్యాసము 36 మిల్లీమీటర్లు, వెండి. ఒకప్రక్క అయిదవ జార్జి శిరస్సు, మరియొకప్రక్క గుఱ్ఱముపై నగ్నముగా కూర్చున్న రౌతు శత్రువు డాలును, కపాలమును త్రొక్కించుచుండును. కిటికీవద్ద నిలిచి, వెలుగు ఏటవాలుగ అంచుపై పడునట్లు మెల్లగా త్రిప్పుడు. మొదట అంకెలు, సైనికుని సంఖ్య, తరువాత హోదాను తెలుపు మూడునాలుగు అక్షరములు, పిదప పేరు, చివర పటాలము. ఎస్‌ఈపీ యనగా సిపాయి, ఎన్‌కే యనగా నాయక్, హెచ్‌ఏవీ యనగా హవల్దారు, జేఈఎమ్ యనగా జమేదారు, ఎస్‌పీఆర్ యనగా సాపరు, ఎస్‌డబ్ల్యూఆర్ యనగా సవారు. పటాలముచోట 2 క్యూవీఓ సాపర్స్ అండ్ మైనర్స్ అని యున్నచో అది మన మద్రాసు సాపర్లే. తెలుగుపేర్లు ఆంగ్ల గుమాస్తా చెవికి వినబడినట్లు చెక్కబడియుండును గనుక బిగ్గరగా ఉచ్చరించి చూడుడు. కంటికి అర్థము కాని పేరు పలుమారు చెవికి అర్థమగును. కొన్ని బ్రిటిష్ వార్ మెడళ్లు వెండివి కాక కంచువి. అవి కూలిదళములవారికి, బరువులు మోసినవారికి ఇచ్చినవి. వానిని చౌకవని త్రోసివేయువారిని చూచి నాకు బాధ కలుగును. కందకములు త్రవ్వి, తూటాపెట్టెలు మోసినవాని పేరు లోకమున మరెక్కడను మిగులకపోవచ్చును, ఆ కంచు అంచుపైననే మిగిలియుండును. వెండివి మాత్రము మరియొక విధమున నశించినవి: వెండిధర పెరిగినప్పుడెల్ల ఎన్నియో పతకములు కంసాలి మూసలో కరగిపోయినవి.

పటాలము పేరు చదివి తొందరపడరాదని చెప్పుటకు హైదరాబాదు ఉదాహరణమును మించినది లేదు. అంచున 19వ హైదరాబాద్ రెజిమెంట్ అని యుండగనే ఆ సైనికుడు నిజాము రాజ్యమువాడని తెలంగాణ సేకర్తలు తలచుట సహజము. ఆ పేరునకు మూలము బ్రిటిషువారి అధికారులక్రింద నడచిన పాత హైదరాబాద్ కంటింజెంటు. 1903లో దాని పదాతిదళములు 94వ, 95వ రస్సెల్స్ ఇన్ఫంట్రీ మొదలగు సంఖ్యలతో భారతసైన్యమున కలిసినవి, 1922లో 19వ హైదరాబాద్ రెజిమెంటుగా కూడినవి. అందలి సిపాయిలు మాత్రము అధికముగా కుమావూనీలు, అహీరులు, జాట్లు. 1945 అక్టోబరులో పేరే కుమావూన్ రెజిమెంటుగా మారినది. నిజాము స్వంతసైన్యము వేరు; మొదటి ప్రపంచయుద్ధమున మైసూరు, జోధ్‌పూర్ లాన్సర్లతో కలిసి ఈజిప్టు పాలస్తీనాలలో పోరాడిన హైదరాబాద్ ఇంపీరియల్ సర్వీస్ లాన్సర్లు ఆ కోవలోనివారు. ఈ రెంటి భేదమెరుగక వ్రాసిన వివరణపత్రములు ఎన్నియో సేకరణలలో నేటికిని గలవు.

పతకమునకు పైన అడ్డముగా అమరిన క్లాస్ప్ మరియొక సాక్షి. 1908 ఇండియా జనరల్ సర్వీస్ మెడల్, ఆకుపచ్చ అంచులు నడుమ నీలము గల రిబ్బనుతో, బొరుసున జమ్రూద్ కోటతో, ఇరువదియేడేండ్లు చెలామణి యయ్యెను. దానికి వచ్చిన క్లాస్పులు పన్నెండు. వాయవ్య సరిహద్దు 1908 మొదటిది. 1911–12 నాటి అబోర్, 1921–22 నాటి మలబారు మొదలగునవి తరువాతివి. మొదటి క్లాస్ప్ నాటికి రాజు ఏడవ ఎడ్వర్డు. పిమ్మటివాడు అయిదవ జార్జి. ఎడ్వర్డు శిరస్సుగల పతకముపై 1908 క్లాస్పుతోపాటు తరువాతిది మరియొకటి యున్నచో వింత లేదు, అదే సైనికుడు మరల యుద్ధమునకు పోయినప్పుడు పాతపతకమునకే క్రొత్త క్లాస్ప్ చేర్చెడివారు. ఎడ్వర్డు శిరస్సుపై వజీరిస్తాన్ 1919–21 ఒక్కటియే యున్నచో మాత్రము ఎవరో రెండు పతకములను కలిపిరని శంకింపుడు. అట్లే వజీరిస్తాన్ 1925 మిక్కిలి అరుదైనది, ఆ చిన్నయుద్ధము వైమానికదళము నడపినది. పదాతిసిపాయి పతకముపై అది కనబడుట అనుమానాస్పదము.

నకళ్లను గూర్చి. అసలు పతకము అచ్చుతో గ్రుద్దబడినది, నకలు తరచుగా పోతపోసినది. పోతలోహము చల్లారునపుడు కుదించుకొనును గనుక నకలు అసలుకంటె కించిత్తు చిన్నదగును. కాలిపర్సుతో కొలిచి, త్రాసున తూచి చూడుడు. తలవెంట్రుకలవంటి సన్నని గీతలు కరగినట్లుండుట, మైదానభాగమున సూదిపోట్లవంటి గుంటలుండుట, అంచున చుట్టును అతుకుగీత కనబడుట పోతకు చిహ్నములు. పేరు చెరపి క్రొత్తపేరు చెక్కినచో అంచు అచ్చట పలుచబడియుండును. వ్యాసమును రెండుమూడుదిక్కుల కొలిచినచో తేడా తెలియును. చీకటిగదిలో అతినీలలోహిత దీపము క్రింద పాత పట్టు, నూలు రిబ్బను మసకగా నుండగా, ఆధునికపు దారములు తెల్లని నీలికాంతితో వెలుగుట తరచు. కాని క్రొత్త రిబ్బనున్నంతమాత్రమున పతకము నకలు కాదు. రిబ్బను చిరుగును, ధరించువాడే మార్చుకొనును.

రెండవ ప్రపంచయుద్ధపు ఆరుమొనల స్టార్లను బ్రిటిషుసైనికులకు పేరు లేకయే పంపిరి. పేరులేని స్టార్ విడిగా దొరకినచో అది ఎవరిదో లోహము చెప్పదు. కావుననే ఒక సైనికుని పతకములన్నియు ఒకటిగా దొరకినప్పుడు వానిని విడదీయరాదు. పేరున్న ఒక్క పతకము ప్రక్కనున్న పేరులేని మూటికి పేరిచ్చుచుండును. విడదీసి ఒక్కొక్కటి అమ్మినచో ఆ బంధము మరల కలువదు. మొదటి యుద్ధమున మరణించినవాని కుటుంబమునకు పంపిన, సుమారు 12 సెంటీమీటర్ల వెడల్పుగల కంచుఫలకము కొన్ని యిండ్లలో దొరకును. దానికి కొక్కెము గాని రిబ్బను గాని లేదు, ధరించుటకు చేసినది కాదు. దానిపై హోదా లేకుండ పేరు మాత్రమే యుండును, మరణమున అందరు సమానులని తలచి. ఆ పేరును కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ జాబితాలలో వెదకినచో అతని సమాధిస్థలమో, సమాధి దొరకనివారికై ఫ్రాన్సున నవ్ షపెల్ వద్ద నిలిపిన స్మారకముపై అతని పేరో కనబడవచ్చును.

పతకమును మెరుగుపెట్టకుడు. చింతపండుతోను విభూతితోను తోమి అంచుపైనున్న అక్షరములను తుడిచివేసిన యిండ్లెన్నియో గలవు. చేతిచెమట తగులనీయక, మెత్తని ప్లాస్టిక్ సంచులలోను రబ్బరుపట్టీల క్రిందను ఉంచక, ఆమ్లరహితమైన కాగితమున చుట్టి పొడిగానున్నచోట పెట్టుడు. సముద్రతీరపు ఊళ్లలో ఇది మరింత అవసరము. నూరేండ్లు దాటిన చారిత్రకవస్తువులకు 1972 పురావస్తుచట్టము వర్తింపవచ్చును గనుక విదేశములకు పంపదలచినచో ముందు విచారించుకొనవలెను. మీరు సంపాదింపని పతకమును సైనికుడననిపించుకొనుటకు ధరించుట నేరము, అంతకంటె అమర్యాద.

చివరకు ప్రతిపతకమునకును దస్త్రమున ఒక పుట కేటాయింపుడు. అంచుపైనున్న అక్షరములను తప్పులతో సహా ఉన్నవి ఉన్నట్లుగ వ్రాసికొనుడు. తూకము, వ్యాసము, దొరకిన ఊరు, ఇచ్చినవారికి ఆ సైనికునితో బంధుత్వము నమోదుచేయుడు. పుటను నిలువుగ రెండుగ మడిచి, లోహము నిరూపించునది ఎడమవైపునను, ఇంటివారు చెప్పునది కుడివైపునను వ్రాయుడు. ‘మా తాతగారు బస్రాలో తుపాకి దెబ్బ తిన్నారండీ’ యని ఆ యింటి పెద్దావిడ చెప్పినచో ఆ మాటను ఆమె పలికినట్లే, తేదీతో, కుడివైపున వ్రాసికొనుడు. ఒకనాడు పాతపత్రమేదైన దొరకి అది ఎడమవైపునకు మారవచ్చును. మారకపోయినను చెరిపివేయకుడు.